యాప్ తినని మెమరీ ఎవరి ఖాతాలో పడుతోంది? సీగ్రూప్ కెర్నల్ మెమరీ: సమస్య - పరిష్కారం

సమస్య

గుంటూరు మిర్చి యార్డుకి సరుకు ముమ్మరంగా వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో కమిషన్ కొట్ల లెక్కలు నడిపే మా విజయవాడ సర్వర్ల మీద ఒకటే ఫిర్యాదు: "తూకం చీటీ రావడానికి ఇంతసేపా అండీ?" ఒక్కో కొట్టు యాప్ విడిగా నడిచే కంటైనర్‌కి 2 జీబీ మెమరీ లిమిట్ ఉంటుంది. లోపలి ప్రాసెస్‌లన్నిటినీ పీఎస్ కమాండ్‌తో చూసి కూడితే 700 ఎంబీ కూడా ఉండదు. కంటైనర్ మొత్తం వాడకం చూపే మెమరీ.కరెంట్ ఫైలులో అంకె మాత్రం 2 జీబీ అంచున ఉంటుంది.

ఇక్కడ చాలామంది చేసేది లిమిట్‌ని 4 జీబీకి పెంచడం. కొన్నాళ్లకు అదీ నిండుతుంది. అప్పుడు "మెమరీ లీక్" (వాడేసిన మెమరీని వదలకపోవడం) అని తేల్చేసి డెవలపర్ మీద పడతారు. పాపం, అతని కోడ్‌లో లీకే లేకపోవచ్చు.

ముందు ఎవరు తిన్నారో చూడండి

సీగ్రూప్ అంటే కొన్ని ప్రాసెస్‌లను ఒక గ్రూపుగా కట్టి మెమరీ లెక్క, లిమిట్ పెట్టే లైనక్స్ ఏర్పాటు. కంటైనర్ లిమిట్ దీనిదే. దాని లెక్కలో ప్రాసెస్ సొంత మెమరీతో పాటు ఆ ప్రాసెస్ కోసం కెర్నల్ (లైనక్స్ గుండెకాయ) వాడినది కూడా పడుతుంది. రెండోది పీఎస్‌కి కనపడదు. సీగ్రూప్ రెండో వెర్షన్‌లో ఈ లెక్క మామూలుగానే ఉంటుంది. అందుకని ఆ గ్రూపు డైరెక్టరీలోని మెమరీ.స్టాట్ తెరవండి. అనాన్ వరస పెద్దదైతే తిన్నది యాప్ లేదా దాని రన్‌టైమ్, ఈ వ్యాసంతో మీకు పని లేదు. ఫైల్ పెద్దదైతే సాధారణంగా పేజ్ క్యాష్ (మెమరీలో ఉంచుకున్న డిస్క్ ఫైళ్ల నకళ్లు), భయం లేదు. ఎస్‌హెచ్‌మెమ్ పెద్దదైతే ఎవరో టీఎంపీఎఫ్ఎస్ అనే, మెమరీలోనే ఉండే ఫైల్‌సిస్టమ్‌లో ఫైళ్లు పడేశారు. స్వాప్ (మెమరీని దించుకునే డిస్క్ చోటు) లేకపోతే కెర్నల్ వాటిని కదపలేదు, మీరే తుడవాలి. కెర్నల్_స్టాక్ పెద్దదైతే థ్రెడ్లు లెక్కకు మించాయి. సాక్ అయితే నెట్‌వర్క్ బఫర్లు.

మా కేసులో ఉబ్బింది స్లాబ్_రీక్లెయిమబుల్. స్లాబ్ అంటే కెర్నల్ తన చిన్న చిన్న నిర్మాణాలు పెట్టుకునే మెమరీ, ఇది అందులో తిరిగి తీసుకోగలిగిన భాగం. కుబెర్నెటిస్ (కంటైనర్లను నడిపే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు ఇక్కడ ఇంకో తిరకాసు గుర్తుపెట్టుకోవాలి. అది చూపించే వర్కింగ్ సెట్ అంటే మొత్తం వాడకంలోంచి ఇనాక్టివ్ ఫైల్ (ఈమధ్య వాడని పేజ్ క్యాష్) తీసేసిన అంకె. తిరిగి తీసుకోగలిగిన స్లాబ్‌ని అందులోంచి తీసేయరు. కాబట్టి ఖాళీ చేయగలిగిన మెమరీ కూడా బోర్డు మీద ఎర్రగా కనిపిస్తుంది.

తర్వాత మెమరీ.ఈవెంట్స్ చూడండి. మ్యాక్స్ అంకె (లిమిట్ తగిలిన సార్లు) పెరుగుతూ ఓఓఎమ్_కిల్ (మెమరీ చాలక చంపిన ప్రాసెస్‌లు) సున్నాగా ఉంటే ప్రాసెస్ చావడం లేదు. లిమిట్ తగిలిన ప్రతిసారీ ఆగి, మెమరీ ఖాళీ చేయించుకుని ముందుకెళ్తోంది. చీటీ ఆలస్యం అక్కడిదే.

కారణం

ఒక ఫైలు దారి వెతికిన ప్రతిసారీ కెర్నల్ ఆ పేరుని డెంట్రీ అనే చిన్న నిర్మాణంలో దాచుకుంటుంది. 64 బిట్ యంత్రాల్లో దాని సైజు సాధారణంగా 192 బైట్లు. ఫైలు లేకపోయినా "ఈ పేరుతో ఏమీ లేదు" అని కూడా దాచుకుంటుంది. దాన్ని నెగటివ్ డెంట్రీ అంటారు. మా యాప్ ప్రతి లాట్ ఫోటోకీ కొత్త యాదృచ్ఛిక పేరుతో టెంపరరీ ఫైలు ఉందా అని చూసి, రాసి, తుడిచేసేది. అలాంటి పేర్లు 10 లక్షలు పోగైతే డెంట్రీలకే సుమారు 183 ఎంబీ.

మరి కెర్నల్ ఎందుకు ఊడ్చదు? ఒత్తిడి లేనిదే అది క్యాష్‌ని ముట్టుకోదు. సర్వర్‌లో మొత్తం మీద బోలెడు ర్యామ్ ఖాళీగా ఉంటే బయటి ఒత్తిడి ఉండదు. గ్రూపు లిమిట్ తగిలినప్పుడే పని మొదలవుతుంది. అప్పుడైనా తేలిక కాదు. స్లాబ్ పేజీలో ఒక్క ఆబ్జెక్ట్ వాడకంలో ఉన్నా ఆ పేజీ మొత్తం విడుదల కాదు, అడుగున నాలుగు కాయలు మిగిలిన టిక్కీ సంచిలాగా. పైగా ఫైల్‌సిస్టమ్ కోడ్ లోపలి నుంచే మెమరీ అడిగితే, డెడ్‌లాక్ (ఒకదాని కోసం ఒకటి ఆగి ఇరుక్కుపోవడం) భయంతో డెంట్రీలను, ఐనోడ్‌లను (ఫైలు వివరాలుండే నిర్మాణాలు) ఖాళీ చేసే ష్రింకర్లు ఆ పూటకి పక్కకు తప్పుకుంటాయి.

పరిష్కారం

వెంటనే ఊపిరి ఆడాలంటే మెమరీ.రీక్లెయిమ్. లైనక్స్ 5.19 నుంచి ఉంది. ఆ ఫైల్లోకి 300ఎమ్ అని రాస్తే ఆ గ్రూపు నుంచి మాత్రమే అంత మేర ఖాళీ చేయడానికి చూస్తుంది. అడిగినంత దొరక్కపోతే ఎర్రర్ ఇస్తుంది, కానీ దొరికినంత తీసేస్తుంది.

డ్రాప్_క్యాషెస్ అనే కెర్నల్ ఫైల్లో 2 రాయమని చాలాచోట్ల చెబుతారు. అది సర్వర్ మొత్తం మీద పనిచేస్తుంది. ఒక కొట్టు కంటైనర్ కోసం పక్క కొట్ల వాళ్ల క్యాష్ కూడా ఊడ్చేసి, వేలం జరిగే వేళ అందరినీ డిస్క్ దగ్గర క్యూలో నిలబెడుతుంది. నేనైతే ముట్టుకోను. వీఎఫ్ఎస్_క్యాష్_ప్రెషర్ అనే సెట్టింగ్‌ని 100 నుంచి పెంచడమూ అంతే. ఒత్తిడి వచ్చినప్పుడు ఏ క్యాష్‌ని ఎక్కువ కోయాలో అది చెబుతుంది గానీ ఒత్తిడిని పుట్టించదు.

రోజువారీకి మెమరీ.హై పెట్టండి. మెమరీ.మ్యాక్స్ అనే లిమిట్ 2 జీబీ ఉంటే హై 1.6 జీబీ దగ్గర. అది దాటితే చంపడం ఉండదు. ప్రాసెస్ వేగం తగ్గించి ముందుగానే ఖాళీ చేయిస్తుంది. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) సర్వీసుల్లో దీని పేరు మెమరీహై. కుబెర్నెటిస్ మామూలుగా దీన్ని తనంతట తాను పెట్టదు.

అసలు మందు మాత్రం పేర్లు పుట్టించే చోటే ఉంది. టెంపరరీ ఫైలుకి ప్రతిసారీ కొత్త పేరు కాకుండా వర్కర్‌కి ఒక స్థిరమైన పేరు ఇస్తే చాలు, డెంట్రీల పెరుగుదల ఆగుతుంది. మీ కోడ్ శుభ్రంగా ఉండీ నెగటివ్ డెంట్రీలు పెరుగుతుంటే కర్ల్‌ని (యూఆర్ఎల్ నుంచి డేటా తెచ్చే కమాండ్) అనుమానించండి. ఎన్ఎస్ఎస్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీతో కట్టిన పాత కర్ల్ లేని ఫైళ్లను వేలకొద్దీ వెతికేది. ఎన్ఎస్ఎస్_ఎస్‌డీబీ_యూజ్_క్యాష్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ని యెస్ చేస్తే తగ్గుతుంది.

పాత సెంటోస్ 7 ఇంకా నడుపుతుంటే

ఈ లైనక్స్ వెర్షన్ తాలూకు 3.10 కెర్నల్‌లో కెర్నల్ మెమరీ లెక్క ఉంది, లిమిట్ తగిలితే తిరిగి తీసుకునే ఏర్పాటు లేదు. మెయిన్‌లైన్‌లో (అసలు లైనక్స్ కెర్నల్‌లో) గ్రూపు వారీగా డెంట్రీ, ఐనోడ్‌లను ఖాళీ చేయడం 4.0 నాటికి గానీ రాలేదు. పైగా తీసేసిన గ్రూపులు స్లాబ్ ఆబ్జెక్టులను పట్టుకుని వేలాడుతూ, 65,535 ఐడీల హద్దు నిండాక డిస్క్ ఖాళీగా ఉన్నా "పరికరంలో చోటు లేదు" అనే ఎర్రర్‌తో కొత్త కంటైనర్ లేవదు. సెంటోస్ 7 సపోర్టు 2024 జూన్ 30తో ముగిసింది కాబట్టి మారడమే దారి.

తిరిగి రాని స్లాబ్

ఉబ్బింది స్లాబ్_అన్‌రీక్లెయిమబుల్ అయితే మెమరీ.రీక్లెయిమ్ పెద్దగా సాయం చేయదు. ఆ ప్రాసెస్ తెరిచి మూయని ఫైళ్లు, సాకెట్లు ఎన్నో ప్రాక్‌లోని దాని ఎఫ్‌డీ డైరెక్టరీలో లెక్కపెట్టండి. రీస్టార్ట్‌తో అంకె పడిపోతే తప్పు యాప్‌దే. పడకపోతే స్లాబ్‌టాప్ కమాండ్ తెరిచి ఏ పేరు పెరుగుతోందో పట్టుకోండి. అది సర్వర్ మొత్తానికి చూపిస్తుంది కనుక, అనుమానం ఉన్న కంటైనర్‌ని ఖాళీ సర్వర్ మీదకి మార్చి చూడటం మేలు.