కార్టూన్ సినిమాను చదవడం - 4వ పాఠం: ఆపద్బాంధవుడు వచ్చేసరికి ఊరు ఏం చేస్తోంది?

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. పిల్లల యానిమేషన్ సినిమా ఒకటి తీసుకుని, అందులో హీరోతో ‘ఇది నీవల్లే అవుతుంది’ అని ఎవరు అన్నారో, ఎన్నో నిమిషంలో అన్నారో రాసుకోమన్నాను. జోస్యమో, వంశమో, ఓ ముసలాయన వేలెత్తి చూపడమో, ఏదో ఒక దారిలో ఆ ముద్ర పడి ఉంటుంది. రాసుకున్న కాగితం పక్కన పెట్టుకోండి. రాయకపోయినా ఫర్వాలేదు గానీ, ఈ పాఠం మధ్యలో రెండుసార్లు ఆ కాగితం కోసం వెతుక్కుంటారు.

ఈసారి పట్టుకోవాల్సింది రక్షకుడిని. ప్రతి హీరో రక్షకుడు కాడు. తప్పిపోయిన కొడుకు కోసం సముద్రమంతా ఈదుకుంటూ పోయే తండ్రి చేప హీరోనే. కానీ అతను వెతుక్కుంటున్నది తన బిడ్డనే, ఊరి కోసం బయల్దేరలేదు. రక్షకుడి కథలో ముందు ఒక గుంపు ఉండాలి. ఆ గుంపు తన వల్ల కాదనుకున్న ఆపద ఒకటి ఉండాలి. ఇక వచ్చేవాడు చాలాసార్లు ఆ గుంపు నడిమధ్య నుంచి రాడు. బయటినుంచి వస్తాడు, లేదా అందరూ పనికిరానివాడని అంచున కూర్చోబెట్టినవాడే లేస్తాడు. చివర్లో అతను ఏదో ఒకటి వదులుకుంటాడు.

ఇలాంటి కథలన్నిటికీ ఉమ్మడి నడక ఒకటుందని పురాణకథల పండితుడు జోసెఫ్ క్యాంబెల్ 1949లో ఒక పుస్తకంలో చెప్పాడు. ఇల్లు వదలడం, పరీక్షలు దాటడం, తనవాళ్ళకు పనికొచ్చే వరం ఏదో పట్టుకుని తిరిగి రావడం. 1985లో డిస్నీలో పనిచేస్తున్న క్రిస్టఫర్ వోగ్లర్ ఆ పుస్తకాన్ని ఏడు పేజీల మెమోగా కుదించాడు. అది స్టూడియోల్లో చేతులు మారింది, తర్వాత పన్నెండు మెట్ల చట్రంగా పేరు తెచ్చుకుంది. చట్రం తెలిసి ఉండటం మంచిదే. కానీ దాన్నే పట్టుకుని కూర్చుంటే ప్రతి సినిమా ఒకేలా కనిపిస్తుంది. నేనూ కొన్నాళ్ళు అలాగే మెట్లు లెక్కపెట్టాను. నోటుపుస్తకం నిండింది గానీ సినిమా గురించి కొత్తగా తెలిసిందేమీ లేదు.

అందుకే మనం వేరే చోట నిలబడి చూద్దాం. ఆపద ముదిరి, ఇక అయిపోయింది అనిపించే ఘట్టం ప్రతి సినిమాలోనూ ఒకటి ఉంటుంది. అక్కడ పాజ్ నొక్కండి. హీరోను వదిలేయండి. తెరమీద ఇంకెవరున్నారో, వాళ్ళ చేతులు ఏం చేస్తున్నాయో చూసి ఒక్క వాక్యం రాయండి. చేతులే, ముఖాలు కాదు. యానిమేషన్‌లో ఏదీ దానంతటది తెరమీదికి రాదు. వెనక వరసలో నిలబడ్డ మనిషి చెయ్యి కూడా ఎవరో ఒకరు అలా ఉండాలనుకుంటేనే అలా ఉంటుంది.

ఒక సినిమాను దగ్గరగా చూద్దాం. 1999లో బ్రాడ్ బర్డ్ తీసిన ‘ది ఐరన్ జెయింట్’. కథ 1957లో, అమెరికాలోని చిన్న ఊళ్ళో జరుగుతుంది. ఆకాశం నుంచి పడ్డ పేద్ద ఇనుప మనిషి, వాడితో స్నేహం కట్టిన హోగార్త్ అనే పిల్లాడు. చివర్లో కంగారుపడ్డ ప్రభుత్వ ఏజెంటు ఒకడు రేడియోలో అరిచి క్షిపణి వదిలిస్తాడు. అది గురిపెట్టింది ఇనుప మనిషి మీదే, కానీ ఇనుప మనిషి ఉన్నది ఊరి నడిమధ్యన. ఇక్కడ ఆపండి. ఊరివాళ్ళ చేతులు చూడండి. పనిచేస్తున్న చెయ్యి ఒక్కటీ లేదు. అందరూ నిలబడి పైకి చూస్తున్నారు. ఇనుప మనిషి పిల్లాడివైపు వంగి, నువ్వు ఉండు, నేను వెళ్తాను, వెంట రావద్దు అంటాడు.

ఈ మాట మనం ముందే విన్నాం. వాళ్ళ పరిచయం మొదలైన రాత్రి, ఇంటిదాకా వెంటపడుతున్న ఇనుప మనిషికి హోగార్తే ఆ మాట చెప్పాడు. అప్పుడు నవ్వొస్తుంది. ఇప్పుడు గొంతు పట్టేస్తుంది. మాట మారలేదు, చెప్పే మనిషి మారాడు, అంతే. ఇలా తిరిగొచ్చే మాట కనబడితే అంచున గీత గీసి పెట్టుకోండి. రక్షకుడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో అది చెప్పేస్తుంది. ఆకాశంలోకి ఎగిరాక ఇనుప మనిషి కళ్ళు మూసుకుని ‘సూపర్‌మ్యాన్’ అంటాడు. ఆ పేరు కూడా పిల్లాడు చూపించిన కామిక్ పుస్తకంలోదే. అంటే ఊరిని కాపాడింది ఇనుప మనిషే అయినా, ఎలా కాపాడాలో నేర్పింది ఆ ఊరి పిల్లాడు.

ఇంకో సంగతి. క్షిపణి శత్రువుల నుంచి రాలేదు. కాపాడాల్సినవాళ్ళ భయం నుంచే పుట్టింది. కాబట్టి చేతుల వాక్యం కింద ఇంకో వాక్యం రాయండి: ఆపదను తెచ్చిందెవరు? ఈ ఒక్క ప్రశ్నకే కొన్ని సినిమాలు మొత్తం విచ్చుకుంటాయి.

‘ది ఇన్‌క్రెడిబుల్స్’ (2004) ఉంది కదా. అందులో సిండ్రోమ్ అనే విలన్ తనే తయారుచేసిన రోబోను నగరం మీదికి వదిలి, దాన్ని తనే ఓడించినట్టు నటించి జనం మెప్పు కొట్టేద్దామనుకుంటాడు. ఆపద సరఫరా చేసేవాడూ ఆదుకునేవాడూ ఒక్కడే. రోబో కాస్తా తెలివి మీరి అతని రిమోట్‌నే ఎగరగొట్టేస్తుంది, అది వేరే సంగతి.

ఇప్పుడు చేతులు మరోలా కదిలే సినిమా. పిక్సార్ వాళ్ళ ‘ఎ బగ్స్ లైఫ్’ (1998). మిడతలు ఏటా వచ్చి చీమల దగ్గర తిండి గుంజుకుపోతుంటాయి. ఫ్లిక్ అనే చీమ యోధులను తెస్తానని బయల్దేరి, సర్కస్ పురుగులను యోధులనుకుని వెంటబెట్టుకొస్తాడు. రక్షకుడు బయటినుంచే రావాలనే నమ్మకాన్ని సినిమా అక్కడే ఆటపట్టిస్తుంది. ఆ తర్వాత మిడతల స్థావరంలో ఒక దృశ్యం ఉంది, పదిసార్లయినా చూడండి. ఒక చీమ ఎదురుతిరిగితే మనకేంటని అనుచరులు నవ్వుతారు. నాయకుడు హాపర్ వాళ్ళ మీదికి ఒక గింజ విసురుతాడు. నొప్పి పుట్టదు. ఇంకొకటి విసురుతాడు. అదీ తగలనట్టే. ఆపైన గింజల సీసా మూత లాగేస్తాడు. గింజలు జలజలా రాలి ఆ అనుచరులను పూడ్చేస్తాయి. చీమలు మనకంటే వందరెట్లు ఉన్నాయి, ఆ సంగతి వాటికి తెలిసిన రోజున మన పని అయిపోయినట్టే అంటాడు.

సినిమా సూత్రం విలన్ నోట పెట్టారు! చలిచీమల చేత చిక్కిన పాము సంగతి చిన్నప్పటి నుంచి వింటున్నాం గానీ, ఇక్కడ ఆ పాఠం చెప్పేది పామే.

క్లైమాక్స్‌లో మిడతలను బెదరగొట్టడానికి ఫ్లిక్ వేసిన దొంగపిట్ట ఉపాయం, అంటే చీమలు కట్టిన ఉత్తుత్తి పిట్ట, తగలబడిపోతుంది. దెబ్బలు తిని నేలమీద పడ్డవాడు లేచి మాట్లాడతాడు, అంతకుమించి అతను చేయగలిగింది లేదు. ఇక్కడ ఆపి చేతులు చూడండి. చీమలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని ముందుకు కదులుతున్నాయి. ఐరన్ జెయింట్ వాక్యం పక్కన ఈ వాక్యం రాయండి. రెండు రకాల రక్షకులు మీ కాగితం మీదే విడివిడిగా కనిపిస్తారు. నా నోట్సులో మొదటివాడికి ఒంటిచేతి రక్షకుడు అనీ, రెండోవాడికి తట్టిలేపే రక్షకుడు అనీ పేర్లు పెట్టుకున్నాను. మీకు నచ్చిన పేర్లు మీరు పెట్టుకోండి.

రెండూ కలిసే సినిమాలూ ఉన్నాయి. ‘ది లెగో మూవీ’ (2014)లో ఎమ్మెట్ అనే మామూలు పనివాడు తనవాళ్ళ కోసం అగాధంలోకి దూకేస్తాడు, అది ఒంటిచేతి పని. కానీ అతన్ని ఎన్నుకున్న జోస్యం తను కల్పించిందేనని దాన్ని చెప్పిన ముసలాయన చనిపోయేముందు ఒప్పుకుంటాడు, ఆ తర్వాత మామూలు జనం కూడా చేతికి దొరికిన ముక్కలతో కట్టడం మొదలుపెడతారు. ఇక పోయిన పాఠపు కాగితం తియ్యండి. ‘నువ్వే’ అన్నవాళ్ళు ఆ మాట మీద చివరిదాకా నిలబడ్డారా?

‘మోఆనా’ (2016)లో ఆ ముద్ర వేసింది సముద్రం. మోఆనా పసిపిల్లగా ఉన్నప్పుడే తనను ఎంచుకుంటుంది. కానీ ఓడిపోయిన రాత్రి ఆమె, ఇంకెవరినైనా చూసుకో అంటూ, సముద్రం తనకు అప్పగించిన మహిమగల రాయిని తిరిగి ఇచ్చేస్తుంది. సముద్రం పుచ్చేసుకుంటుంది కూడా! బతిమాలదు. తర్వాత మోఆనా తనంతట తనే నీళ్ళలోకి దూకి, అడుగుదాకా వెళ్ళి రాయిని పైకి తెచ్చుకుంటుంది. ముద్ర చెరిగిపోయింది, పని మిగిలింది. నీళ్ళలోకి ఆ ఒక్క దూకడం తీసేస్తే మిగిలేది మరో జోస్యం కథే.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. చేతులు చాచిన ప్రతివాడినీ, చనిపోయి లేచిన ప్రతివాడినీ చూడగానే దేవుడి అవతారమని రాసేసి పుస్తకం మూసేస్తాం. పోలిక నిజమే కావచ్చు. కానీ పోలిక దొరకగానే చూడటం ఆపేస్తే అదొక చెడ్డ అలవాటు.

ఈ వారం పని: మీరు చిన్నప్పుడు బాగా ఇష్టపడ్డ సినిమా ఒకటి ఎంచుకోండి. ఆపద ఘట్టంలో మూడుచోట్ల ఆపి, మూడు చేతుల వాక్యాలు రాయండి. ఆపదను తెచ్చిందెవరో కింద రాయండి. తర్వాత, ఊరు బయటపడ్డాక వచ్చే ఆఖరి రెండు నిమిషాలు శబ్దం ఆపేసి చూడండి. రక్షకుడు తెరమీద ఎక్కడ నిలబడ్డాడు? జనం మధ్యలోనా, ఎత్తు మీదా, అసలు కనబడకుండా పోయాడా? ఒక బొమ్మ గీసి పెట్టుకోండి, గీతలు వంకర పోయినా పర్లేదు. అయిదో పాఠం ఆ బొమ్మతోనే మొదలవుతుంది.