‘వాటర్లూ బ్రిడ్జ్’ను ఎలా చూడాలి?

మెర్విన్ లెరాయ్ దర్శకత్వంలో 1940లో వచ్చిన ఈ నలుపు తెలుపు చిత్రాన్ని మొదటిసారి చూసేవారు ముందుగా కథాకాలాన్ని గుర్తు పెట్టుకోవాలి. బ్రిటన్ జర్మనీపై యుద్ధం ప్రకటించిన 1939 సెప్టెంబరు 3న, లండన్‌లోని వాటర్లూ వంతెన మీద ఒంటరిగా నిలబడిన కర్నల్ రాయ్ క్రోనిన్‌తో చిత్రం మొదలై, అతని జ్ఞాపకాల వెంట మొదటి ప్రపంచ యుద్ధ కాలానికి వెళుతుంది. ఈ రెండు యుద్ధాలను ఒకటిగా పొరబడితే, ఒక యుద్ధంలో ప్రేమను పోగొట్టుకున్న మనిషి మరో యుద్ధానికి బయలుదేరుతున్నాడన్న సంగతి మనకు అందదు.

క్యాండిల్‌లైట్ క్లబ్ సన్నివేశం వచ్చేసరికి గదిలో దీపాలు ఆర్పి, సబ్‌టైటిళ్లు కూడా తీసేయండి. అక్కడ చదవడానికి ఏమీ ఉండదు. వాద్యకారులు కొవ్వొత్తులను ఒక్కొక్కటిగా ఆర్పుతుంటే, నాట్యం చేస్తున్న రాయ్, అతను ప్రేమించిన మైరాల ముఖాలపై వెలుగు ఎలా తగ్గుతూ పోతుందో గమనించండి. జోసెఫ్ రుటెన్‌బర్గ్ ఛాయాగ్రహణం ఆస్కార్ నామినేషన్ పొందిందంటే ఆశ్చర్యం లేదు.

అన్నిటికంటే ఓపికగా చూడవలసినది హోటల్ సన్నివేశం. రాయ్ తల్లి కోసం ఎదురుచూస్తున్న మైరా, యుద్ధ మృతుల జాబితాలో పొరపాటున చేరిన అతని పేరును పత్రికలో చదువుతుంది. అంతలో ఏమీ తెలియని ఆ తల్లి వచ్చి ఎదురుగా కూర్చుంటుంది. మొదటిసారి మైరాగా నటించిన వివియన్ లీ ముఖాన్ని చూడండి. తరువాత అదే సన్నివేశాన్ని వెనక్కి తిప్పి, ఈ అమ్మాయి ఎందుకింత పొంతన లేకుండా మాట్లాడుతోందని నొచ్చుకుంటున్న తల్లి వైపు నుంచి చూడండి.

తెరపై ఏవి చూపకూడదో నిర్దేశిస్తూ 1934 నుంచి గట్టిగా అమలైన హాలీవుడ్ నియమావళి కారణంగా, ఆ తరువాత మైరా బతుకుతెరువు కోసం ఏమైందో చిత్రం ఎక్కడా బాహాటంగా చెప్పదు. అందుచేత రాత్రివేళ వంతెన, ముఖానికి దట్టంగా వేసుకున్న రంగు, రైలు దిగివస్తున్న సైనికులను చూసి ఆమె తెచ్చిపెట్టుకునే నవ్వు వంటివాటినే సమాచారంగా తీసుకోవాలి. స్కాట్లాండ్ కుటుంబానికి చెందిన అధికారి రాయ్ పాత్రలో రాబర్ట్ టేలర్ అచ్చమైన అమెరికన్ ఉచ్చారణతో మాట్లాడడాన్ని మాత్రం పట్టించుకోనక్కరలేదు.

రాబర్ట్ షెర్‌వుడ్ 1930లో రాసిన నాటకం ఆధారంగా జేమ్స్ వేల్ 1931లో ఇదే పేరుతో తీసిన చిత్రాన్ని దీని తరువాతే చూడండి. అందులో మైరా వృత్తి మొదటినుంచీ తెలుస్తూనే ఉంటుంది కనుక, ముందుగా దానిని చూస్తే లెరాయ్ చిత్రంలోని ఈ మౌనం మీపై పనిచేయదు.