పీహెచ్ పేపర్‌తో ఇంట్లో ఆమ్లత్వం చూడటం ఎలా?

పులుపు సంగతి నాలుకకి తెలుసు కానీ, చక్కెర కలిస్తే అది మోసపోతుంది. తియ్యగా దిగిపోయే కోలా పీహెచ్ (ఆమ్లమా, క్షారమా, ఎంత అన్నది చెప్పే అంకె) దాదాపు 2.5. నిమ్మరసం కూడా అక్కడక్కడే ఉంటుంది. అందుకే పేపర్‌తో చూడాలి.

ల్యాబ్ సామాన్ల షాపుల్లో, ఆన్‌లైన్‌లో రెండు రకాలు దొరుకుతాయి. లిట్మస్ పేపరు ఆమ్లమా, క్షారమా అన్నంతవరకే చెబుతుంది. అంకె కావాలంటే రంగుల చార్టుతో వచ్చే యూనివర్సల్ పీహెచ్ పేపర్ కొనండి. 7 తటస్థం. తగ్గేకొద్దీ ఆమ్లం, పెరిగేకొద్దీ క్షారం. ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా.

చేతులు కడిగి, పొడిగా తుడుచుకోండి. చెమట తగిలినా పేపరు రంగు మారొచ్చు. చూడాల్సిన ద్రవాన్ని చిన్న గిన్నెలోకి కొంచెం తీసుకోండి, సీసాలో నేరుగా ముంచొద్దు. స్ట్రిప్ కొసను ఒక్క క్షణం ముంచి, అదనపు చుక్క విదిలించి, ప్యాకెట్ మీద చెప్పినంతసేపు ఆగి చార్టు పక్కన పెట్టి చూడండి. ఆరిపోయాక చూస్తే లెక్క తప్పుతుంది. పగటి వెలుతురైతే మంచిది, పసుపు రంగు బల్బు కింద రంగులు అసలు తేలవు.

అన్నిటికన్నా ముందు పేపరునే పరీక్షించండి. నిమ్మరసానికి 2–3, వంటసోడా నీళ్లకి 8 పైన రావాలి. రాకపోతే తేమ తగిలి పాడైందని అర్థం.

అసలు చిక్కంతా రంగున్న ద్రవాలతోనే. చింతపండు పులుసు, కాఫీ తమ రంగునే పేపరుకి అంటిస్తాయి. వీటిని వడకట్టి, సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలపండి. అంత కలిపినా అంకె అర కూడా మారదు, ఈ పేపరు ఎలాగూ అంత చిన్న తేడాని పట్టుకోలేదు. తర్వాత స్ట్రిప్ మీద ఒక చుక్క వేసి, వెనకవైపు నుంచి రంగు చూడండి. పెరుగైతే పైన తేరిన నీళ్లు చాలు, సాధారణంగా 4–4.5 వస్తుంది. నూనెతో ప్రయత్నించకండి. పీహెచ్ అనేది నీళ్లున్న చోట కొలిచేది.

తాగునీటికి మన దేశ ప్రమాణం 6.5 నుంచి 8.5. అయితే ఆర్‌ఓ నీళ్లలో లవణాలు తక్కువ కాబట్టి పేపరు సరిగా స్పందించదు. 6 చూపించిందని టెన్షన్ పడక్కర్లేదు. అలాగే 7 వచ్చినంత మాత్రాన నీళ్లు శుభ్రమని కాదు, క్రిముల గురించి ఈ పేపరు ఏమీ చెప్పదు.

పరీక్షించిన ద్రవాన్ని పారబోయండి. టాయిలెట్ క్లీనర్ల జోలికి వెళ్లకపోవడమే మేలు. యాసిడ్ క్లీనర్, బ్లీచ్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

పేపరు దొరక్కపోతే ఎర్ర మందార రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టి, ఆ రసంలో ఫిల్టర్ పేపరు ముక్కలు ముంచి నీడలో ఆరబెట్టండి. ఆమ్లానికి ముదురు గులాబీ, క్షారానికి ఆకుపచ్చ రంగులోకి మారతాయి. అంకె మాత్రం చెప్పవు.