లక్షల రూపాయల హ్యాండ్‌బ్యాగు: ధరలో పనితనమెంత, పేరెంత

లక్షలు పోసి పేరున్న విదేశీ హ్యాండ్‌బ్యాగు కొనాలనుకునే చెన్నై తెలుగువారు మాల్‌కు వెళ్లేముందు ఒక పూట పెరియమేడుకు వెళ్లి రావాలని నా సలహా. సెంట్రల్ స్టేషన్‌కు దగ్గరలో ఉన్న ఆ తోలు బజారులో సరుకును చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. మూడు నాలుగు రకాల తోళ్లను అక్కడ చేత్తో తడిమి చూస్తే, మాల్‌లో చూడబోయే బ్యాగు ధరలో తోలు వాటా ఎంతో అంచనాకు వస్తుంది.

ముందుగా తోలును బొటనవేలితో నొక్కండి. సహజమైన పైపొరను అలాగే ఉంచిన తోలైతే వేలి చుట్టూ సన్నని ముడతలు పడి, వేలు తీయగానే సర్దుకుంటాయి. చర్మరంధ్రాలు ఒకచోట దగ్గరగా, మరోచోట దూరంగా కనిపిస్తాయి. మచ్చలను దాచడానికి పైపొరను అరగదీసి, రంగు పూసి, అచ్చు ఒత్తిన తోలు మీద అంతటా ఒకే నమూనా ఉంటుంది. మచ్చలేని దూడ తోలు అరుదు. ముళ్లతీగ గీసిన చోటునూ పురుగు కుట్టిన చోటునూ వదిలి కత్తిరించవలసి రావడంతో, వృథాగా పోయిన ముక్కల ఖర్చు కూడా బ్యాగు మీదే పడుతుంది.

తర్వాత కుట్టు చూడాలి. మిషన్ కుట్టులో పైదారం, కిందిదారం ఒకదానితో ఒకటి మెలిపడి ఉంటాయి కాబట్టి, ఒకటి తెగితే పక్క కుట్లు కూడా వదులవుతాయి. 1837లో పారిస్‌లో గుర్రాల జీను సామగ్రి తయారీతో మొదలైన హెర్మెస్ సంస్థ నేటికీ జీను కుట్టునే వాడుతోంది: మైనం పట్టించిన ఒకే నారదారం రెండు కొనలకూ రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలోనూ రెండు వైపుల నుంచీ దూరుస్తారు. ఒకచోట దారం తెగినా మిగతా కుట్లు పట్టు వదలవు. కొద్దిగా ఏటవాలుగా ఉండే వరుసను బట్టి ఈ కుట్టును గుర్తుపట్టవచ్చు. హెర్మెస్ బ్యాగుల్లో పేరుమోసిన బిర్కిన్ ఒక్కదానికి ఇలా సుమారు 15 నుంచి 20 గంటల చేతిపని పడుతుంది. చివరగా అంచును గోటితో తాకండి. రంగు పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూసి నునుపు తేల్చిన అంచులో తోలు పొరల అతుకు కనబడదు. కొనేవారిలో ఎక్కువమంది అంచును పట్టించుకోరు కాబట్టి, పనివాడి నిజాయితీ తెలిసేది అక్కడేనని నేను నమ్ముతాను.

ఇంత పనితనం ఉన్నా అది ధరలో ఒక భాగమే. సంస్థ పేరులోని పొడి అక్షరాలను నమూనాగా అచ్చు వేసిన లూయీ వుయిటన్ మోనోగ్రామ్ బ్యాగుల్లో చాలావాటి ఒళ్లు అసలు తోలే కాదు. 1896 నాటి ఆ నమూనాను ప్లాస్టిక్ పూత పూసిన నూలుబట్ట మీద అచ్చు వేస్తారు. 2024లో మిలాన్ కోర్టు పత్రాల్లో బయటపడిన లెక్క ప్రకారం, దుకాణంలో 2,600 యూరోలు పలికే ఒక డియోర్ బ్యాగుకు, ముడిసరుకు ఖర్చు కాకుండా, ఉపకాంట్రాక్టరుకు చెల్లించింది 53 యూరోలు. చేతిపని పేరు చెప్పి వసూలు చేసే ధరలో చేతులకు దక్కేది ఇంతేనంటే నాకు బాధ కలుగుతుంది. దుకాణాల అద్దె, ప్రకటనలు, లాభం, మన దేశంలోనైతే దిగుమతి సుంకం, జీఎస్టీ కూడా ధరలోనే కలుస్తాయి.

ఇక కొరత. బిర్కిన్‌ను డబ్బున్నంత మాత్రాన నేరుగా వెళ్లి కొనలేం. ఎవరికి అమ్మాలో దుకాణమే నిర్ణయిస్తుంది. చవకగా అమ్మితే పేరు పలచబడుతుందన్న భయం ఈ రంగంలో ఎంత బలమైనదంటే, బ్రిటన్ ఫ్యాషన్ సంస్థ బర్బెరీ ఒక్క ఏడాదిలో 2 కోట్ల 80 లక్షల పౌండ్లకు పైగా విలువైన సరుకును నాశనం చేసి, విమర్శలు చెలరేగాక 2018లో ఆ పద్ధతి మానుకుంది. బిర్కిన్‌కు ఆ పేరు రావడానికి కారణమైన నటి, గాయని జేన్ బిర్కిన్ కోసం చేసిన తొలి బ్యాగు 2025 జూలైలో పారిస్ వేలంలో సుమారు 86 లక్షల యూరోలు పలికింది. అది చూసి ప్రతి బ్యాగునూ పెట్టుబడిగా లెక్కించకండి. చాలా బ్రాండ్ల బ్యాగులకు తిరిగి అమ్మితే కొన్న ధర రాదు.

కొనడానికే నిశ్చయించుకుంటే, మరమ్మతు ఎక్కడ చేస్తారో, ఎన్నాళ్లు పడుతుందో ముందే అడిగి, బిల్లు భద్రపరచుకోండి. చెన్నై ఉక్కపోతకు తోలు బూజు పడుతుంది కాబట్టి ప్లాస్టిక్ కవరులో కాక నూలు సంచిలో పెట్టి, గాలి తగిలేలా ఉంచండి. పేరుతో పనిలేదు, పనితనమే కావాలనుకుంటే మంచి తోలు మీరే ఎంచి, జీను కుట్టు తెలిసిన పనివారి చేత కుట్టించుకోండి. కూలి దగ్గర మాత్రం బేరమాడకండి.