థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక మొదటి రెండు నెలలు ఎలా గడపాలి?

మెడ ముందు భాగంలో, కంఠముడికి కాస్త కిందుగా, సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథిని సగమో మొత్తమో తీసివేయాలని సర్జన్ చెప్పగానే ఇంటిల్లిపాదికీ మొదట కలిగే భయం మెడ కోయడం గురించే. ఆ కోత చాలామందికి వారం పది రోజుల్లో మానిపోతుంది. ఎక్కువ కనిపెట్టుకొని ఉండవలసినవి రెండు: మొదటి వారంలో రక్తంలోని క్యాల్షియం, ఆ తర్వాత రోజూ వేసుకోవలసిన థైరాయిడ్ మాత్ర. మూడేళ్ల కిందట మా అమ్మకు కర్నూలులో గ్రంథి మొత్తం తీసినప్పుడు, కుట్ల గురించి మేము పడిన బెంగలో పదో వంతు ఈ రెండింటి మీద పెట్టి ఉంటే చాలా అవస్థ తప్పేది. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. మీ డిశ్చార్జి కాగితంలో ఏదైనా దీనికి భిన్నంగా రాసి ఉంటే ఆ కాగితాన్నే పాటించాలి.

1. ఆపరేషన్‌కు ముందే ఊళ్లో బస చూసుకోండి

ఆదోని, మంత్రాలయం, పత్తికొండ వైపు వాళ్లు కర్నూలుకు, రాయదుర్గం, కల్యాణదుర్గం వైపు వాళ్లు అనంతపురానికి, జమ్మలమడుగు, పులివెందుల వైపు వాళ్లు కడపకు వచ్చి ఆపరేషన్ చేయించుకోవడం మామూలే. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇంటికి పంపుతారు. క్యాల్షియం బాగా పడిపోయేది ఎక్కువగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో కాబట్టి, డిశ్చార్జి అయిన పూటే బస్సెక్కితే ఆ ఇబ్బంది దారిలోనో, ఆసుపత్రి దగ్గరలో లేని పల్లెలోనో మొదలు కావచ్చు. అందువల్ల గ్రంథి మొత్తం తీసినవారు మరో రెండు మూడు రోజులు అదే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండిపోవడం మేలు. ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకున్నవారు తిరిగి ఎప్పుడు చూపించుకోవాలో, ఏ మందులు అక్కడే ఇస్తారో బయలుదేరేముందే ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను అడిగి రాయించుకోవాలి.

2. మొదటి 24 గంటలు

మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు కనుక మెలకువ వచ్చాక గొంతు గరగరలాడుతుంది, గుటక వేస్తే నొప్పి పుడుతుంది. ఇది రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. కొందరికి వికారంగా ఉంటుంది, ఒకటి రెండుసార్లు వాంతి కూడా కావచ్చు. తల కింద రెండు దిండ్లు పెట్టి ఎత్తుగా పడుకోబెడితే మెడ వాపు తక్కువగా ఉంటుంది. కోత పక్కనుంచి సన్నటి డ్రెయిన్ పైపు పెట్టి ఉంటే అందులోకి ఎర్రటి నీరు దిగడం చూసి కంగారుపడనక్కర్లేదు. దాన్ని మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తీసేస్తారు.

కంగారు పడవలసిన సంగతి ఒకటుంది. మెడ ఉన్నట్టుండి ఉబ్బి బిగుసుకుపోవడం, శ్వాస ఆడకపోవడం, ఊపిరి తీస్తుంటే ఈల వేసినట్టు శబ్దం రావడం జరిగితే లోపల రక్తం గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కుతూ ఉండవచ్చు. ఇది అరుదు, జరిగితే ఎక్కువగా మొదటి రోజే జరుగుతుంది. పక్కన కూర్చున్నవారు "కాసేపు చూద్దాం" అనుకోకుండా ఆ క్షణమే నర్సును పిలవాలి. ఇంటికి వచ్చాక జరిగితే 108కు ఫోన్ చేయాలి.

3. క్యాల్షియం: చీమలు పాకినట్టు అనిపిస్తే ఆలస్యం వద్దు

థైరాయిడ్ వెనక బియ్యపు గింజంత పరిమాణంలో పారాథైరాయిడ్ గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. పేరు కలిసినా వాటి పని వేరు, రక్తంలో క్యాల్షియం ఎంత ఉండాలో చూసుకునేది అవే. సర్జన్ వాటిని ఎంత జాగ్రత్తగా అక్కడే వదిలిపెట్టినా, పక్కనున్న గ్రంథిని తీసేటప్పుడు రక్త సరఫరా కదిలిపోయి అవి కొన్నాళ్లు మందగించవచ్చు. గ్రంథి సగమే తీసినవారికి రెండో వైపువి పదిలంగా ఉంటాయి కాబట్టి ఈ బాధ దాదాపుగా ఉండదు.

మా అమ్మకు ఇది మూడో రోజు పొద్దున మొదలైంది. చాప మీద కూర్చొని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మనిషి చేయి ఆపి, "మూతి సుట్టూ చీమలు పారినట్ల ఉంది రా" అంది. నీరసమేమోలే అని మేము మజ్జిగ ఇచ్చి ఊరుకున్నాము. మధ్యాహ్నానికి వేళ్లు కొంకర్లు పోయాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఎంత లాగినా విప్పుకోలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తే డ్యూటీ డాక్టరు చెవి ముందర చెంప మీద వేలితో తట్టి చూశారు, తట్టినప్పుడల్లా అమ్మ పైపెదవి అటువైపే అదిరింది. రక్తం తీసి పరీక్షకు పంపి, నరంలోకి నెమ్మదిగా క్యాల్షియం ఎక్కించాక అరగంటలోనే చేయి మెత్తబడింది.

కాబట్టి పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి మొదలవగానే, రోజులో అది ఏ వేళయినా, ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాలి. అదనంగా ఒక క్యాల్షియం మాత్ర ఎప్పుడు వేసుకోవచ్చో డిశ్చార్జి నాడే అడిగి ఉంచుకుంటే మంచిది. వేళ్లు కొంకర్లు పోయినా, కాళ్లు పట్టేసినా ఫోన్లతో పొద్దుపుచ్చకుండా దగ్గర్లోని ఆసుపత్రికి వెళ్లాలి. క్యాల్షియంతో పాటు దాన్ని ఒంటికి పట్టించే విటమిన్ డి మాత్రలు కూడా ఇస్తారు. చాలామందికి కొన్ని వారాల్లో వాటిని తగ్గిస్తూ ఆపేస్తారు, కొద్దిమందికి నెలల తరబడి, అరుదుగా ఎప్పటికీ అవసరమవుతాయి. బాగానే ఉంది కదా అని మీకై మీరు ఆపడం మాత్రం ప్రమాదకరం.

మన వైపు ఇంకొక మాట వినిపిస్తుంది: "రోజూ రాగి సంగటి తింటాం, మాకెందుకు క్యాల్షియం మాత్ర?" అని. రాగుల్లో క్యాల్షియం మెండుగా ఉన్న మాట నిజమే, 100 గ్రాముల పిండిలో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే సంగటి ముద్దలో అన్నం, నీళ్లు కూడా కలిసి ఉంటాయి, ఆ రాగుల్లోని క్యాల్షియం మొత్తం ఒంటికి పట్టదు, పైగా ఒక్క మాత్రలోనే మామూలుగా 500 మిల్లీగ్రాములు ఉంటుంది. సంగటి తినండి, మాత్ర కూడా వేసుకోండి.

4. గొంతు బొంగురుపోతే

స్వరపేటికను కదిలించే నరాలు థైరాయిడ్‌ను ఆనుకొనే వెళ్తాయి. అవి కాస్త కదిలినా గొంతు బొంగురుపోవడం, కొంతసేపు మాట్లాడగానే అలసిపోవడం, దూరాన ఉన్నవాళ్లను కేకేయలేకపోవడం కనిపిస్తాయి. ఎక్కువమందిలో ఇది వారాల్లో సర్దుకుంటుంది, కొందరికి ఆరు నెలల వరకూ పడుతుంది. ఈలోగా గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు. గుసగుసలోనే శ్రమ ఎక్కువ కాబట్టి మామూలు గొంతుతోనే, తక్కువగా మాట్లాడాలి. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతున్నా, రెండు మూడు వారాలకు కూడా గొంతు మారకపోయినా చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించి స్వరతంత్రులు కదులుతున్నాయో లేదో పరీక్ష చేయించుకోవాలి. బడిలో పాఠాలు చెప్పేవాళ్లు, బండి మీద కూరగాయలు అమ్మేవాళ్లు ఈ సంగతి ఆపరేషన్‌కు ముందే సర్జన్‌కు చెప్పి ఉంచాలి.

5. కోత, కుట్లు, తాళిబొట్టు

కోతను మెడ మడతలో వచ్చేలా పెడతారు. కరిగిపోయే కుట్లు కాకపోతే వారం రోజుల లోపే విప్పేస్తారు. సర్జన్ తడపవచ్చని చెప్పే వరకు స్నానం మెడ కిందినుంచే చేయాలి. పసుపు, కొబ్బరినూనె, ఇంటి లేపనాలు ఏవీ పచ్చి గాయం మీద రాయకూడదు. కోత పైభాగం కొన్ని వారాలు గట్టిగా, మొద్దుబారినట్టు ఉండటం సహజం. చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, చీము కారినా, జ్వరం వచ్చినా చూపించుకోవాలి.

ఆపరేషన్ కోసం తీసిన తాళిబొట్టు, నల్లపూసలు ఇంటికి రాగానే వేసుకోవాలని పెద్దవాళ్లు తొందరపెడతారు. సరిగ్గా గొలుసు రాసుకునే చోటే మచ్చ ఉంటుంది కాబట్టి, మానేదాకా వాటిని పొడవాటి మెత్తటి దారానికి కట్టుకుంటే పెద్దవాళ్ల మాట, గాయం రెండూ నిలుస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఎండ తగిలితే కొత్త మచ్చ నల్లబడుతుంది గనుక ఏడాది పాటు బయటికి వెళ్లేటప్పుడు పైట కొంగో నూలు కండువానో మెడకు చుట్టుకోవాలి. గాయం పూర్తిగా మూసుకున్నాక సిలికాన్ జెల్ వాడవచ్చో లేదో అడగండి, ముఖ్యంగా ఇదివరకు దెబ్బల మచ్చలు ఉబ్బిన అలవాటు ఉంటే.

6. తిండి, పనులు

మొదటి రెండు రోజులు మెత్తటి అన్నం, పాలు, మజ్జిగ, పల్చటి సంగటి సరిపోతాయి. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ గొంతు నొప్పి పోయాక తినవచ్చు. "పప్పు తింటే కుట్లకు చీము పడుతుంది" అని పథ్యం పెట్టడం అనవసరం, గాయం మానడానికి పప్పు, గుడ్డు, మాంసం వంటివే కావాలి. క్యాబేజీ, కాలీఫ్లవర్ మానేయాలన్న సలహా కూడా గ్రంథి మొత్తం తీసినవారికి వర్తించదు. లేని గ్రంథిని అవి ఏం చేస్తాయి?

మెడను కర్రలా బిగబట్టి ఉంచితే భుజాలు పట్టేస్తాయి కాబట్టి సర్జన్ సరేనన్నాక రోజుకు రెండు మూడుసార్లు నెమ్మదిగా అటూ ఇటూ తిప్పాలి. నీళ్ల బిందె, శనక్కాయల మూట లాంటి బరువులు రెండు వారాలు ఎత్తకూడదు. మెడ తిప్పి వెనక్కు చూడగలిగే వరకు బండి నడపకూడదు.

7. థైరాయిడ్ మాత్ర: వేళే ప్రధానం

స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోకర్ థైరాయిడ్ మీద చేసిన కృషికి 1909లో నోబెల్ బహుమతి అందుకున్నారు. గ్రంథి మొత్తం తీసిన తన రోగులు తర్వాత మందకొడిగా, ఉబ్బిన ముఖాలతో తయారవడం ఆయనే గమనించారు. అప్పట్లో వాళ్లకు ఇవ్వడానికి ఈ మాత్ర లేదు. ఇప్పుడు థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్ వంటి పేర్లతో దొరికే లెవోథైరాక్సిన్ ఆ గ్రంథి చేసే పనే చేస్తుంది. గ్రంథి మొత్తం తీసినవారు దీన్ని జీవితాంతం వేసుకోవాలి. సగం తీసినవారిలో కొందరికే కావలసి వస్తుంది, అది ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత చేసే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్షలో తెలుస్తుంది.

మేము చేసిన రెండో తప్పు ఇక్కడే. కాగితంలో థైరాయిడ్ మాత్ర ఎదురుగానూ, క్యాల్షియం ఎదురుగానూ "ఉదయం" అనే రాసి ఉంది. రోజూ పొద్దున ఒక స్టీలు మూతలో రెండు మాత్రలూ పెట్టి, కాఫీ గ్లాసుతో సహా అమ్మకు అందించేవాళ్లం. ఆరు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా వచ్చింది, అంటే థైరాయిడ్ మందు ఒంటికి చాలడం లేదన్నమాట. మందు మోతాదులో లోపం లేదు, కడుపులో క్యాల్షియం దాన్ని పట్టుకొని ఒంటికి చేరనీయలేదు. వేళలు మార్చాక అదే మోతాదుతో తర్వాతి పరీక్ష సరిగ్గా వచ్చింది.

పరగడుపున లేవగానే ఒట్టి నీళ్లతో థైరాయిడ్ మాత్ర వేసుకొని, అరగంట నుంచి గంట వరకు కాఫీ, టీ, పాలు, టిఫిన్ ఏదీ ముట్టకూడదు. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు దీనికి కనీసం నాలుగు గంటల ఎడం ఉండాలి. క్యాల్షియం మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో వేసుకుంటే సులువుగా కుదురుతుంది. రంజాన్ ఉపవాసాల్లో సెహ్రీకి (తెల్లవారకముందు తినే భోజనానికి) అరగంట ముందో, రాత్రి చివరి భోజనం అయిన మూడు గంటలకో వేసుకునే వీలుంటుంది, ఏది మేలో డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. మాత్రల సీసాను కిటికీ గూట్లోనూ, పొయ్యి పక్కనా పెట్టకండి, వేడికీ తేమకూ మందు చెడుతుంది. గర్భం వచ్చిందని తెలిసిన వెంటనే డాక్టరుకు చెప్పాలి, ఆ సమయంలో మోతాదు పెంచవలసి వస్తుంది. మోతాదు కుదిరిన తర్వాత కూడా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి పరీక్ష తప్పదు.

8. బయాప్సీ రిపోర్టు తెచ్చుకోండి

తీసిన గడ్డను పరీక్షకు పంపుతారు, ఫలితం రావడానికి వారం పది రోజులు పట్టవచ్చు. ఊరికి వెళ్లిపోయాక దాన్ని మరిచిపోయేవాళ్లు ఉన్నారు. అందులో క్యాన్సర్ అని వస్తే కొందరికి మిగిలిన థైరాయిడ్ కణాలను నశింపజేసే రేడియో అయోడిన్ చికిత్స అవసరమవుతుంది. దానికి ముందు ఒకటి రెండు వారాలు అయోడిన్ ఉప్పు, ఆ ఉప్పుతో పెట్టిన ఊరగాయలు, అప్పడాలు మానేయమంటారు. పాలిచ్చే తల్లులు ముందే పాలు మాన్పించాలి, చికిత్స తర్వాత స్త్రీలు కనీసం ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. రిపోర్టునూ, ఆపరేషన్ వివరాలు రాసిన డిశ్చార్జి కాగితాన్నీ రేషన్ కార్డు, ఆధార్ ఉంచే కవర్లోనే పెట్టుకొని, తర్వాత ఏ డాక్టరు దగ్గరికి ఏ జబ్బుతో వెళ్లినా ముందు ఆ కవరు చేతికివ్వండి.