స్లాబు మీది వాన నీళ్లు పునాది పక్కన పడకుండా చేసుకోవడం ఎలా

చాలా ఇళ్లకి స్లాబు మీది వాన నీళ్లు దించే పైపు నేలకి జానెడు ఎత్తులో ఆగిపోతుంది. అంటే కప్పు మీద పడ్డ నీళ్లన్నీ గోడ పక్కనే, సరిగ్గా పునాది నెత్తిన పడుతున్నాయన్నమాట. కొన్నాళ్లకి పైపు కింద మట్టి కొట్టుకుపోయి గుంట పడుతుంది, ఎవరో ఒకరు ఆ గుంటలో ఇటుక ముక్కో బండ ముక్కో వేస్తారు, చిందటం తగ్గుతుంది, ఇక పట్టించుకోరు. నీళ్లు మాత్రం అక్కడే ఇంకుతూ ఉంటాయి. లక్షలు పోసి ఫుటింగులు, ప్లింత్ బీములు వేయించినవాళ్లు కూడా చివర్లో ఇంకో రెండు పొడవుల పైపు దగ్గర ఆగిపోవడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ తర్వాత గోడకి చెమ్మ వచ్చిందని లోపల వాటర్‌ప్రూఫ్ పెయింట్లు వేయిస్తారు, అది రెండు వానాకాలాలు కూడా ఆగదు. నీళ్ల దారి మార్చకుండా గోడకి ఏం పూసినా డబ్బు దండగే.

ముందు ఎన్ని నీళ్లో లెక్క వేసుకోండి, అప్పుడు గానీ ఈ పని ఎందుకో అర్థం కాదు. ఒక మిల్లీమీటరు వాన పడిందంటే చదరపు మీటరుకి ఒక లీటరు పడినట్టు. 150 గజాల స్లాబు అంటే సుమారు 125 చదరపు మీటర్లు. ఒక మోస్తరు గట్టి వాన, 5 సెంటీమీటర్లు పడితే ఆ స్లాబు మీంచి దిగేది ఆరు వేల లీటర్ల పైమాటే, అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులు ఆరు మీ ఇంటి మూలన ఒలకబోసినట్టు. 2000 ఆగస్టులో హైదరాబాద్ బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు కురిసింది. అలాంటి రోజున ఇదే స్లాబు మీంచి 30,000 లీటర్లు దిగుతాయి. అదంతా ఒకటి రెండు పైపుల్లోంచి ఒకటి రెండు చోట్లే పడుతుంది, అసలు చిక్కు అక్కడే.

గుంటూరు, ప్రకాశం, కర్నూలు, ఆదిలాబాద్ వైపు నల్లరేగడి మీద ఇల్లు ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఈ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు తీస్తుంది. రోహిణి కార్తెలో ఖాళీ స్థలాల్లో చూడండి, చెయ్యి దూరేంత నెర్రెలు ఉంటాయి. ఇంటి కింద మట్టంతా ఒకేలా తడిసి ఒకేలా ఎండితే అంత ప్రమాదం లేదు, కానీ పైపు ఉన్న మూల ఒక్కటే నాని ఉబ్బి, మిగతా మూడు మూలలు పొడిగా ఉంటే ఇల్లు ఆ మూల పైకి లేస్తుంది, ఎండాకాలం మళ్లీ దిగుతుంది. అప్పుడు కిటికీ మూల నుంచి ఏటవాలుగా, ఇటుకల వరస వెంబడి మెట్లు మెట్లుగా దిగే పగులు కనబడుతుంది. వానాకాలంలో తలుపు పట్టేసి, ఎండాకాలంలో మామూలుగా మూసుకుంటుంటే అది ఎప్పుడూ చెక్క తప్పే అనుకోకండి, ఆ తలుపుకి దగ్గర్లో వాన పైపు ఎక్కడ దిగిందో కూడా చూడండి. ఎర్రమట్టి నేలల్లో ఈ ఉబ్బడం తక్కువ, అక్కడ మట్టి కొట్టుకుపోవడం, బేస్‌మెంట్‌లో నింపిన మట్టి దిగి ఫ్లోరింగ్ కుంగడం, గోడలకి చెమ్మ ఎక్కడం ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు మంచి వాన పడుతున్నప్పుడు గొడుగేసుకుని ఇంటి చుట్టూ ఒక రౌండ్ తిరగండి. ఏ పైపులోంచి ఎంత పడుతోంది, పడ్డది ఎటు పోతోంది, ఎక్కడ నిలుస్తోంది, గోడ మీదకి ఎక్కడ చిమ్ముతోంది అన్నీ ఫోన్‌లో తీసి పెట్టుకోండి. మేస్త్రీకి నోటితో చెప్పే దానికన్నా ఆ వీడియో చూపిస్తే పని సరిగా అవుతుంది. వాన లేని రోజున అయితే స్లాబు మీద ట్యూబు పెట్టి నీళ్లు వదిలినా సరిపోతుంది. ఇదే పనిలో ఓవర్‌హెడ్ ట్యాంకు సంగతి కూడా చూడాలి. మోటరు ఆపడం మర్చిపోతే పొంగిన నీళ్లు ఇదే పైపులోంచి ఇదే మూలకి పోతాయి, వాన అయినా ఏడాదికి కొన్ని నెలలే, ట్యాంకు పొంగడం ఏడాది పొడవునా ఏ రోజైనా జరగొచ్చు. ఫ్లోట్ వాల్వో ఆటోమేటిక్ స్విచ్చో పెట్టించుకోవడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా చవకైన రిపేరు. ఏసీ నీళ్లు, గోడ పక్కన కుండీలు, గోడని ఆనుకుని తవ్విన పూలపాదులు, ఇవి కూడా లెక్కలోకి వస్తాయి. గోడకి మూడడుగుల లోపల రోజూ తడిపే పాదు ఉంటే దాన్ని కాంపౌండ్ వైపుకి మార్చండి.

ఇక పైన, స్లాబు దగ్గర. వాటం 10 అడుగులకి కనీసం అంగుళంపావు ఉండాలి, అదీ పైపు ఉన్న వైపుకే. వాన వెలిశాక గంటకి కూడా మడుగులు కనబడుతుంటే ఆ చోట సిమెంటు పనితో వాటం సరిచేయించుకోవాలి. పైపుల సంఖ్యకి ఒక మోటు లెక్క ఉంది: గంటకి 10 సెంటీమీటర్ల జోరు వానకి కూడా తట్టుకోవాలంటే 4 అంగుళాల పైపు ఒకటి సుమారు 40 చదరపు మీటర్ల స్లాబుకి సరిపోతుంది. 150 గజాల స్లాబుకి మూడు పైపులు. ఒక్కటే ఉంటే పిట్టగోడ లోపల నీళ్లు నిలిచి, స్లాబూ పిట్టగోడా కలిసే మూల నుంచి గోడలోకి దిగుతాయి. పాత డాబాలకి పైపు ఉండదు, పిట్టగోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన తూము గొట్టాలే ఉంటాయి, గాలివానలో ఆ నీళ్లు తిరిగి గోడకే కొడతాయి. వాటికి ఎల్బో తగిలించి కింది దాకా పైపు దించితే చాలు. ప్రతి తూముకీ జాలీ పెట్టండి, బల్లపరుపు జాలీ కాకుండా గుమ్మటంలా ఉబ్బిన జాలీ అయితే ఆకులు చుట్టూ చేరినా పైనుంచి నీళ్లు పోతాయి.

నేల మీద మొదటి పని పైపు కాదు, వాటం. ఇంటి చుట్టూ నేల గోడ దగ్గర ఎత్తుగా, బయటికి పల్లంగా ఉండాలి. చాలాచోట్ల దీనికి తలకిందులుగా ఉంటుంది, ఎందుకంటే కట్టేటప్పుడు పునాది గుంటల్ని వదులు మట్టితో పూడ్చేసి దిమ్మిస కొట్టరు, రెండేళ్లలో అది కుంగి గోడ వెంబడే కాలువలాగా తయారవుతుంది. ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పున సిమెంటు గచ్చు పోయించండి, గోడ నుంచి బయటికి మూడడుగుల్లో కనీసం అంగుళం వాటం ఇచ్చి. నల్లరేగడి అయితే, స్థలం ఉంటే, ఐదారడుగులకి పెంచండి. గచ్చు కింద నల్లమట్టిని అడుగు లోతు తీసేసి గ్రావెల్ మట్టి, తెలంగాణ వైపు మొరం అంటారు కదా అదే, వేసి కొంచెం కొంచెం తడుపుతూ పొరపొరగా దిమ్మిస కొట్టాలి. ఇక్కడ చాలామంది మేస్త్రీలు ఇసుక పోసేద్దాం అంటారు. వద్దనండి. నల్లమట్టి మధ్యలో ఇసుక నింపిన గుంట నీళ్లు పట్టుకునే తొట్టిలా పనిచేస్తుంది, ఎక్కడెక్కడి నీళ్లూ వచ్చి పునాది పక్కన చేరి నిలుస్తాయి. జిగట లేని ఇసుక కాదు, గట్టిపడే మొరమే కావాలి. దాని మీద మందపాటి పాలిథిన్ షీటు పరిచి, ఆ పైన కాంక్రీటు. గచ్చు గోడకి తగిలే చోట అర అంగుళం సందు వదిలి తారుతో గానీ సీలెంటుతో గానీ నింపించండి. అలా కాకుండా గోడకి అతికించి పోస్తే గచ్చు కదిలినప్పుడు అక్కడే బీట పడి, నీళ్లు నేరుగా కిందికి దిగడానికి దారి దొరుకుతుంది.

ఆ తర్వాత పైపు. గోడ మీంచి దిగిన 4 అంగుళాల పైపుని నేల దగ్గర ఆపకుండా అదే సైజు ఎస్‌డబ్ల్యూఆర్ పైపుతో (వాన నీళ్లకీ మురుగుకీ వాడే పీవీసీ పైపు) పొడిగించి, పునాది నుంచి కనీసం 10 అడుగుల అవతల వదలాలి. కింద మలుపు దగ్గర ఒక్క 90 డిగ్రీల ఎల్బో వేస్తే ఆకులూ ఇసుకా అక్కడే ఇరుక్కుంటాయి, రెండు 45 డిగ్రీల బెండ్లు కలిపి వేయించండి. నేలలో పాతేటప్పుడు అడుగు లోతు, మీద కారు ఎక్కే చోట రెండడుగులు. వాటం ఇక్కడ కూడా 10 అడుగులకి అంగుళంపావు. కంటితో చూసి సరిపోయిందనుకోవద్దు, మేస్త్రీల దగ్గర నీళ్లు నింపిన లెవెల్ పైపు ఉంటుంది, దానితో రెండు కొసలూ పట్టించి చూడండి. పైపు తిరిగే ప్రతి మూలలో మూత తీసి చెయ్యి పెట్టగలిగేంత చాంబరు కట్టించండి. చిల్లుల పైపు గోడ దగ్గర ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు, నీళ్లు పునాదికి దూరంగా మోసుకెళ్లడానికే పైపు వేస్తున్నాం. అతుకులన్నిటికీ సొల్యూషన్ రాసి, మట్టి కప్పకముందే పై నుంచి రెండు మూడు బకెట్లు ఒకేసారి కుమ్మరించి చూడండి. ఇటు పోసిన నీళ్లు అటు రావడానికి ఆలస్యమైనా, తక్కువ వచ్చినా ఎక్కడో వాటం తిరగబడిందనో కారుతోందనో అర్థం. పూడ్చాక ఏమీ చేయలేరు.

నీళ్లు చివరికి ఎక్కడికి పోవాలన్నది ప్లాట్‌ని బట్టి ఉంటుంది. రోడ్డు పక్కన వాన కాలువ ఉంటే దానికే. కాలువలో పైపు కొసని అడుగున పెట్టకుండా పై అంచు దగ్గర పెట్టండి, లేకపోతే కాలువ నిండినప్పుడు ఆ నీళ్లు మీ పైపులోకే ఎదురెక్కుతాయి. డ్రైనేజీ మ్యాన్‌హోల్‌కి మాత్రం కలపొద్దు, అది మురుగు మోసే లైను, వాన నీళ్లు కూడా అందులోకి వదిలితే వీధంతా పొంగుతుంది, కొన్నిసార్లు మీ బాత్రూంలోంచే. పక్కింటి వైపుకి తిప్పడం కూడా వద్దు, వాళ్ల పునాదీ పునాదే, పైగా దాంతో మొదలైన గొడవలు ఏళ్ల తరబడి సాగుతాయి.

ఇంకుడు గుంత మంచిదే. అయితే గోడ పక్కన స్థలం ఉంది కదా అని అక్కడే తవ్వేస్తున్నారు, అది మళ్లీ మొదటికే రావడం. పునాదికి 10 అడుగుల దూరంలో, ఇల్లున్న నేల కన్నా పల్లపు వైపున ఉండాలి. అడుగున 40 ఎంఎం కంకర, మీద 20 ఎంఎం కంకర, ఆ పైన దొడ్డు ఇసుక వేసి, పై భాగం కొంత ఖాళీగా వదిలి, నిండినప్పుడు బయటికి పోయే ఓవర్‌ఫ్లో పైపు పెట్టాలి. నల్లరేగడిలో నీళ్లు చాలా నెమ్మదిగా ఇంకుతాయి కాబట్టి అక్కడ ఇంకుడు గుంతని నమ్ముకోకుండా ఎక్కువ నీళ్లు కాలువకో సంపుకో వెళ్లేలా చూడండి. సంపుకి కలిపితే మొదటి వానల నీళ్లు, పావురాల రెట్టా దుమ్మూ అంతా ఉంటుంది, బయటికి వదిలేసేలా ఒక వాల్వు పెట్టించండి. సంపుకి కూడా ఓవర్‌ఫ్లో తప్పనిసరి.

ఇంకో సమస్య, మన ఊళ్లలో మరీ ఎక్కువ. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ రోడ్డు పోస్తూ పోయి, ఇల్లు కన్నా రోడ్డు ఎత్తైపోయింది. అప్పుడు నేలలో పాతిన పైపు నీళ్లు బయటికి పోవు. అలాంటి ఇంటికి పైపుని నేలలోకి దించకుండా రోడ్డు మట్టానికి పైనే తిప్పి, గోడ వెంబడి, ఆ తర్వాత కాంపౌండ్ గోడకి క్లాంపులు కొట్టి వాటంగా ముందుకి తీసుకెళ్లి కాలువలో వదలండి. చూడటానికి అంత బాగుండదు గానీ మోటరు అక్కర్లేకుండా పనిచేస్తుంది. ఆవరణలో నేరుగా పడే వానకి మాత్రం పల్లపు మూలలో చిన్న చాంబరు కట్టి, మునిగి పనిచేసే చిన్న పంపు పెట్టుకోక తప్పదు.

రేకుల ఇల్లూ పెంకుటిల్లూ అయితే చూరు పొడవునా నీళ్లు కారతాయి. చూరు కింద గట్టర్ బిగించి, 10 అడుగులకి అర అంగుళం వాటంతో ఒక చివరికి తెచ్చి, అక్కణ్నుంచి పైన చెప్పినట్టే పైపు. రెండడుగులకి ఒక క్లాంపు ఉండాలి, వానలో నిండిన గట్టర్ బరువుకి తక్కువ క్లాంపులైతే మధ్యలో వంగిపోతుంది.

డాలస్ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న మనవాళ్లకీ ఇది పనికొస్తుంది, అక్కడిదీ ఉబ్బే నల్లమట్టే. అక్కడ చాలాచోట్ల పాటించే బిల్డింగ్ కోడ్ ప్రకారం ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల్లో నేల 6 అంగుళాలు దిగాలి, ఉబ్బే నేలల్లో కప్పు నీళ్లు పునాదికి కనీసం 5 అడుగుల అవతల వదలాలి. మండు వేసవిలో మాత్రం పునాది చుట్టూ నేల మరీ ఎండిపోకుండా సమానంగా కాస్త తడపమంటారు. తడి అన్ని వైపులా ఒకేలా ఉండాలన్నదే దాని వెనక ఉన్న కారణం.

ఈ పనులకి మంచి అదను ఎండాకాలమే. తెలంగాణ, కోస్తా మధ్య జిల్లాల వాళ్లు మృగశిర కార్తె రాకముందే ముగించుకోవాలి. నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి వాళ్లకి ఇంకొంచెం టైం ఉంటుంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ తొలకరికి ముందు ఒకసారి, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడల్లా ఒకసారి స్లాబెక్కి జాలీలు శుభ్రం చేసి, చాంబర్ల మూతలు తీసి ఇసుక ఎత్తేస్తే చాలు.

ఇప్పటికే గోడల్లో పగుళ్లున్నవాళ్లు నీళ్ల దారి మార్చిన వెంటనే పుట్టీ పెట్టించకండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి, వెడల్పుగా ఉన్న చోట స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాక గీతలు దాటకపోతే అప్పుడు పూడ్పించి రంగు వేయించుకోండి. గీత దాటి సాగుతూనే ఉన్నా, వేలు దూరేంత వెడల్పైనా, బీములోనో పిల్లరులోనో కనబడినా మేస్త్రీతో సరిపెట్టుకోకుండా స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచి చూపించండి, ఆ ఫోటోలూ తేదీలూ ఆయన మొట్టమొదట అడిగేవే.