తోపు నమూనాకు వత్తి చిల్లు పెట్టొద్దు: దసరాకు ముందు జాగ్రత్తలు

2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో కార్బైడ్ గొట్టాలు పేల్చిన పిల్లలు కళ్లు కాల్చుకుని ఆసుపత్రుల పాలయ్యారు. ఒక్క భోపాల్‌లోనే పదుల సంఖ్యలో చేరారు. కొందరికి చూపే పోయింది. కార్బైడ్‌కు నీళ్లు తగిలి పుట్టే వాయువుతో పేలే ఆ గొట్టాలను ఆటవస్తువులని చెప్పి అమ్మారు. మన నల్లగొండ, పాలమూరు వైపు దసరా ఊరేగింపుకో, సెప్టెంబర్ 17కో, బడి ప్రదర్శనకో తోపు నమూనా కట్టేవాళ్లు ఆ వార్త మనకు సంబంధించింది కాదనుకుంటే పొరపాటు. మనం కట్టేదీ గొట్టమే.

ఉలితో చేయి కోసుకోకుండా చూసుకోవడం, వెల్డింగ్ చేసేటప్పుడు అద్దాలు పెట్టుకోవడం మీకు చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒక్కటే. నమూనా తోపుకు లోపలి దాకా రంధ్రం ఉండకూడదు. వెనుక వత్తి చిల్లు, అంటే లోపలి మందుకు నిప్పంటించే రంధ్రం, అసలే ఉండకూడదు.

గొట్టం

యుద్ధభూమి తోపుల్లో నమూనాకు బాగా కుదిరేది అమెరికా సైన్యం వాడిన 1857 నమూనా నెపోలియన్ తోపు. అది 12 పౌండ్ల గుండు వేసేది. గొట్టం పొడవు 66 ఇంచులు, రంధ్రం వ్యాసం 4.62 ఇంచులు, చక్రం 57 ఇంచులు. మూడో వంతుకు తగ్గిస్తే గొట్టం 22 ఇంచులు, చక్రం 19 ఇంచులు, రంధ్రం ఇంచున్నర పైచిలుకు వస్తాయి. ఇక్కడే చిక్కు మొదలవుతుంది. ఇంచున్నర జీఐ పైపు (జింకు పూత ఉన్న ఇనుప పైపు) ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది, కొలతకు దాదాపు సరిపోతుంది. పైపు తెచ్చి వెనుక క్యాప్ బిగించి, పైన చిన్న చిల్లు వేస్తే తోపు అచ్చుగుద్దినట్టు తయారవుతుంది. మందు కూరడానికీ అంతే సిద్ధంగా ఉంటుంది.

అసలు తోపును కంచుతో పోతపోసేవాళ్లు. వెనుక భాగంలో గోడ మందం ఇంచుల్లో ఉండేది, మూతి వైపు పోనుపోను తగ్గేది. మందు అంటుకున్నప్పుడు ఒత్తిడి వెనుకే ఎక్కువ కాబట్టి అలా పోసేవాళ్లు. మన పైపు గోడ మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, అంతే. దాని పొడవునా వెల్డింగ్ అతుకు ఉంటుంది, పగిలితే అక్కడే చీలుతుంది. క్యాప్ కోసం మరలు కోసిన చోట గోడ ఇంకా పలచబడుతుంది. అందుకే క్యాప్ ఊడి వెనక్కి, అంటించినవాడి మీదికే వస్తుంది. అంత మందం ఉన్న అసలు తోపులు కూడా పగిలేవి. స్కాట్లండ్ రాజు రెండో జేమ్స్ 1460లో రాక్స్‌బరో ముట్టడిలో తన సొంత తోపు పగిలి, పక్కనే నిలబడి ఉండగా చనిపోయాడు.

“గుండు పెట్టం, ఉత్త కాగితం కూరుతాం” అంటారు. గట్టిగా కూరిన కాగితం చాలు, గొట్టం చీలడానికి.

“మేం పేల్చం” అని కూడా అంటారు. మీరు పేల్చరు, నిజమే. ఊరేగింపు అయిపోయాక ఆ తోపు యువజన సంఘం గదిలోనో, బడి వరండాలోనో నెలల తరబడి పడి ఉంటుంది. దీపావళి రాత్రి చేతిలో సుతిలి బాంబు ఉన్న పోరగాడికి దాని మూతి కనిపిస్తుంది. ఆ రాత్రి మీరు అక్కడ ఉండరు. కాబట్టి లోపలి దాకా రంధ్రం వద్దు, వెనుక చిల్లు వద్దు.

మరి ఎలా చేయాలి? గొట్టాన్ని టేకుతోనో వేపతోనో నిండు దుంగగా లేత్ మీద తిప్పించండి. చెట్టు నడిగుండె ఉన్న ఒకే దుంగ తీసుకుంటే మన ఎండలకు నెలలో పగులుతుంది. నాలుగు పలకలు అతికించి దుంగ చేసుకుంటే నిలుస్తుంది. మూతి దగ్గర రంధ్రం ఇంచు లోతు మించకూడదు. రంధ్రం అడుగున మెరుపు లేని నల్ల రంగు రెండు పూతలు వేసి రెండడుగుల దూరం నుంచి చూడండి. వెలుగు చాలా తక్కువ తిరిగి వస్తుంది కాబట్టి కంటికి అడుగు సరిగా కనపడదు, ఇంచు లోతు కాస్తా గొట్టం చివరిదాకా ఉన్నట్టే అనిపిస్తుంది. వత్తి చిల్లు ఉండే చోట చిన్న నల్ల చుక్క పెడితే చాలు.

ఇనుముతోనే కావాలని పట్టుపడితే, మూతికి ఇంచు లోపల 5 మి.మీ. పలక పెట్టి చుట్టూ వెల్డింగ్ చేయించండి. రెండు వైపులా మూసిన గొట్టానికి వెల్డింగ్ చేస్తే లోపలి గాలి వేడెక్కి కరిగిన లోహాన్ని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. ఆ గాలి పోవడానికి 3 మి.మీ. రంధ్రం కావాలి. దాన్ని మూతి పలకలోనే వేసి, చల్లారాక ఎపాక్సీ జిగురుతో మూసేయండి. “గాలికి” అని వెనుక వేస్తే అదే వత్తి చిల్లు అవుతుంది. లోపల కాంక్రీటు నింపాలనుకుంటే ముందు వెనుక వైపు మూయించి, నింపి, నెలైనా ఆరనిచ్చి, మూతి పలకను వెల్డింగ్ లేకుండా ఎపాక్సీతో కూర్చోబెట్టండి. కాంక్రీటులో తడి ఉండగా వేడి తగిలితే ఆవిరి పట్టి గొట్టమే బాంబు అవుతుంది.

జీఐ పైపు మీది జింకు పూతను గీకేసాకే వెల్డింగ్. ఆ తెల్ల పొగ పీల్చినవాళ్లకు రాత్రికి చలిజ్వరం వస్తుంది.

బండి, చక్రాలు

గోల్కొండలో పెట్ల బురుజు మీది ఫతే రహ్‌బర్‌ను చూసొచ్చి దానికి చక్రాలు తగిలిస్తుంటారు కొందరు. అది బురుజు మీద కూర్చునే తోపు. ఎడ్లో గుర్రాలో లాగే తోపు వేరు, దాని కొలతలు వేరు.

నెపోలియన్ తోపు చక్రానికి 14 ఆకులు (నడిమి నుంచి అంచుకు వెళ్లే కర్రలు), చుట్టూ 7 వంపు చెక్కలు. ఒక్కో చెక్కలో రెండేసి ఆకులు దిగుతాయి. నల్లతుమ్మ అయితే మేలు, బండి చక్రాలు చేసే వడ్లాయనకు దాని సంగతి తెలుసు. వానాకాలంలో కోసిన పచ్చి కర్రతో చేస్తే మార్చి నాటికి ఎండి, ఆకులు కదిలి, ఇనుప పట్టా జారిపోతుంది.

పట్టా లెక్కలో చాలామంది తప్పుతారు. 19 ఇంచుల చక్రం చుట్టుకొలత 1516 మి.మీ. పట్టా లోపలి చుట్టుకొలత దానికంటే 4 మి.మీ. తక్కువ ఉండాలి, అంటే 1512. 5 మి.మీ. మందం పట్టీ వంచితే లోపలి వైపు కుదించుకుంటుంది కాబట్టి మందానికి 3.14 రెట్లు కలిపి 1528 మి.మీ. కోయాలి. కలపకపోతే పట్టా ఎక్కదు, సుత్తితో కొట్టి ఎక్కిస్తే ఆకులు విరుగుతాయి.

పట్టాను పిడకల మంటలో కాల్చేది పొద్దున్నే, గాలి లేనప్పుడు. గడ్డివాముకు దూరంగా. నాలుగు బిందెల నీళ్లు ముందే పెట్టుకోండి. ఎర్రగా కాల్చక్కర్లేదు, చెక్క తగిలి పొగ వచ్చేంత వేడి చాలు. నీళ్లు పోసేటప్పుడు ముఖం వంచొద్దు.

ఇక మిగిలినవి వరసగా.

లేత్ దగ్గర రుమాలు, కడియం, చేతి తొడుగులు వద్దు.

నాలుగు ఇంచుల చదరపు దుంగను అంచులు చెక్కకుండా లేత్‌కు ఎక్కించొద్దు. గుండ్రం వచ్చేదాకా వేగం నిమిషానికి 600 చుట్లు దాటొద్దు.

గొట్టాన్ని బండి మీద పెట్టేది ఇద్దరు. గొట్టాన్ని బండి మీద ఆనించే పక్క చెవులు గొట్టం బరువు మధ్యకు కొంచెం ముందు ఉంటాయి, వదిలితే వెనుక భాగం ధబాలున కిందికి పడుతుంది. దాని కింద వేళ్లుంటే నలుగుతాయి.

బరువు మూడో వంతు అవుతుందనుకోవద్దు. పొడవు మూడో వంతైతే బరువు ఇరవై ఏడో వంతు. అసలు కంచు గొట్టం 556 కిలోలు, అందులో రంధ్రం ఖాళీ ఉంది కాబట్టి నమూనాను రంధ్రం లేకుండా నిండు కంచుతో పోస్తే 26 కిలోల దాకా వస్తుంది. మీది 40 కిలోలు తూగితే కొలత ఎక్కడో తప్పింది, ఇరుసు ఆగదు.

ట్రాలీ మీద ఊరేగిస్తే చక్రాలకు నాలుగు వైపులా చెక్క ఆపులు కొట్టండి. తాడు ఒక్కటే చాలదు.

పిల్లల్ని గొట్టం మీద గుర్రంలా ఎక్కించొద్దు.

పొగ కావాలంటే తోపుకు దూరంగా, వేరే చోట సాంబ్రాణి వేయండి. గొట్టంలో ఏదీ పెట్టొద్దు. పొగ గొట్టం, రంగుల పొడి, చిచ్చుబుడ్డి, ఏదీ వద్దు.

లైసెన్సు లేకుండా పేలే తోపు తయారీ ఆయుధాల చట్టం, 1959 కింద నేరం. ఊరేగింపుకు ముందే స్టేషన్‌లో రాతపూర్వకంగా చెప్పి, మూతి మూసి ఉన్న ఫోటో ఇవ్వండి.

కోటల్లోని పాత తోపుల కొలతలు టేపుతో తీసుకోండి. సుద్ద రాయొద్దు, గీకొద్దు, అచ్చు తీయొద్దు.

ఎవరైనా వచ్చి “ఒక్కసారి పేలిస్తే బాగుంటుంది” అంటే, అడిగింది సర్పంచ్ అయినా, ఊరి పెద్ద అయినా, కాదనండి.

ఇచ్చేముందు మూతిలో సలాక పెట్టి చూడండి. ఇంచు దాటి దిగితే ఆ తోపును ఎవరికీ ఇవ్వొద్దు. వెనుక వేలితో తడమండి. చిల్లు తగిలితే ఆ రోజే మూయించండి.